కొల్లిపర ఇళ్ల ముఖం చూసేదెవరు?

తెనాలి నుంచి కొల్లిపర దాకా రోడ్డు వెంట లేస్తున్న కొత్త ఇళ్లను చూస్తుంటే మనసు చివుక్కుమంటోంది. ముందంతా అద్దాలు, ఏసీపీ షీటు, స్టీలు రెయిలింగు. పడమటెండ సూటిగా కొట్టే గోడకు అద్దం బిగించి, లోపల ఏసీ పెట్టుకుంటున్నారు. కిటికీ మీద సన్‌షేడ్ వేస్తే ఎలివేషన్ చెడుతుందట! రోహిణి కార్తె ఎండ ఎరిగినవాళ్లు కట్టించుకోవలసిన ఇల్లేనా ఇది?

తప్పు యజమాని ఒక్కడిదే కాదు. ప్లాన్ అప్రూవల్‌లో ఇంటి ముఖం చూసే నాథుడే లేడు. 2017 నాటి భవన నిర్మాణ నిబంధనల 119 జీవో రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, ఎత్తు, పార్కింగ్ అడుగుతుంది. ఆన్‌లైన్‌లో సాఫ్ట్‌వేర్ ఆ కొలతలే సరిచూస్తుంది. కొలతలు అవసరమే. ఆ ఇల్లు ఆ వీధికి నప్పుతుందా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు.

కొల్లిపర పక్కన పారే కృష్ణ ఒడ్డునే, ఎగువన రాజధాని అమరావతి ఉంది. అక్కడి శాసనసభ, హైకోర్టు రూపం కోసం లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థను పిలిపించారు. అదీ చాలక 2017లో దర్శకుడు రాజమౌళి సలహా తీసుకున్నారు. మంచిదే. కొల్లిపర మండలం కూడా 2014లో ప్రకటించిన రాజధాని ప్రాంతంలోదే కదా, ఆ శ్రద్ధలో నూరోవంతు ఇటు రాలేదేం?

పాత మండువా లోగిళ్లలో అందం ఒక్కటే చూస్తే చాలదు. నాలుగు వైపుల పెంకుల మీది వాన మండువాలోకి జారి, తూము గుండా బయటికి పోయేది. వీధి వైపు ఎత్తయిన అరుగు, దాని మీద వసారా నీడ. పసుపు బస్తాలు దించినా, పెద్దమనుషులు తగవు తీర్చినా, దారిన పోయేవాడు దాహం తీర్చుకున్నా అక్కడే. ఆ ఎత్తు ఊరికే పెట్టలేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలినప్పుడు, దిగువ లంకల్లో ఇంటి పునాది ఎంత ఎత్తన్నదే పెద్ద ప్రశ్న అయింది.

ఇవాళ వీధి అంచున అరుగు కట్టుకోవాలన్నా కుదరదు. ముందు ఖాళీ వదలాల్సిందే. ఆ ఖాళీ చుట్టూ నిలువెత్తు ప్రహరీ లేస్తుంది. వీధిలో మనిషికి మనిషి కనపడకుండా పోయింది. ఊరి నడిబొడ్డు పాతవీధులకైనా అరుగు వరకు సడలింపు ఇస్తే వచ్చే నష్టమేమిటి?

అమెరికాలోని చార్ల్‌స్టన్ పాత పేటను కాపాడుకోవడానికి 1931లోనే సమీక్షా బోర్డు పెట్టుకుంది. ఢిల్లీకి 1973 చట్టంతో అర్బన్ ఆర్ట్ కమిషన్ వచ్చింది. కొల్లిపరకు అంత హంగు అక్కర్లేదు. ఓ ఇంజినీరు, ఓ ముదురు తాపీమేస్త్రి, ఊళ్లో ఇల్లు నడిపే ఇద్దరు ఆడవాళ్లు పంచాయతీ ఆఫీసులో కూర్చుంటే చాలు. కిటికీకి నీడ ఉందా? వాననీళ్లు ఎటు పోతాయి? పునాది ఎత్తెంత? ఈ మూడూ అడిగాకే సంతకం పెట్టాలి.

చెట్ల సంగతి మరీ ఘోరం. ఇంటి ముందు జానెడు మట్టి మిగల్చకుండా పార్కింగ్ టైల్స్ పరిచేస్తున్నారు. పచ్చదనం పేరుతో ఊరూరా తెచ్చి పెట్టింది కోనోకార్పస్. పిట్ట వాలని ఆ మొక్క వద్దని 2024లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణే బహిరంగంగా చెప్పారు. అయినా నర్సరీల్లో అడిగితే ముందు దాన్నే చూపిస్తున్నారు. వేప, కానుగ, పొగడ మొక్కలు పంచాయతీయే పెంచి, ప్లాన్ కాగితంతో పాటు ఇంటికి రెండు చొప్పున ఇవ్వాలి. ఈ తొలకరికే ఆ పని మొదలుపెట్టాలి.