పెట్టె మీది అంకె నీటిలో చెల్లదు

1926లో ఫ్లోరిడా దగ్గరి డ్రై టార్టుగస్ దీవుల్లో చేపల శాస్త్రవేత్త లాంగ్లీ, ఫొటోగ్రాఫర్ మార్టిన్ నీటి అడుగున తొలి రంగుల ఫొటోలు తీశారు. వెలుగు కోసం వాళ్లు నీటిపై తెప్ప మీద మెగ్నీషియం పొడిని పేల్చాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పనిని చేతిలో ఇమిడే స్ట్రోబ్ (ఫ్లాష్ దీపం) చేస్తోంది. అయితే రెండు స్ట్రోబ్‌లలో ఏది ఎక్కువ వెలుగిస్తుందో కొనేవారు తేల్చుకోవడం నేటికీ కష్టమే. పెట్టెల మీది అంకెలు ఒకే కొలతలో ఉండకపోవడమే ఇందుకు కారణం. దీన్ని సరిదిద్దాల్సింది తయారీదారులే.

పెట్టె మీద కనిపించే వాట్-సెకండ్లు చెప్పేది కెపాసిటర్‌లో నిల్వ ఉన్న విద్యుత్తు గురించి. అందులో ఎంత వెలుగై బయటికొస్తుందన్నది ఫ్లాష్ గొట్టం, దాని వెనకున్న రిఫ్లెక్టర్ పనితనాన్ని బట్టి ఉంటుంది. గైడ్ నంబరు కొంత నయం. దూరాన్ని ఎపర్చర్ అంకెతో గుణిస్తే వచ్చేది అదే. కానీ దాన్ని మీటర్లలో లెక్కించారా, అడుగుల్లోనా అన్నది ముందు చూడాలి. మీటర్లలో 32 అయితే అదే స్ట్రోబ్ అడుగుల్లో 105 అవుతుంది. పైగా వెలుగును ఇరుకు కోణంలోకి కుదిస్తే శక్తి పెరగకుండానే నంబరు పెరుగుతుంది. పగడపు దిబ్బను వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీసేవారికి ఆ పెరుగుదల అక్కరకు రాదు, ఫ్రేము అంచులు చీకట్లోనే ఉండిపోతాయి. 24కూ 32కూ తేడా ఘనంగా కనిపిస్తుంది గానీ వెలుగులో అది ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు కావడం) కూడా నిండదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఈ నంబర్లను చాలావరకు గాలిలో కొలవడం. నీరు ఎరుపును ముందుగా మింగేస్తుంది. మీటరు దూరంలోని చేపను తీయాలంటే వెలుగు వెళ్లి రావడానికి రెండు మీటర్ల నీటిని దాటాలి. కాబట్టి శక్తిని రెట్టింపు చేసినా గాలిలో దక్కినంత అదనపు దూరం నీటిలో దక్కదు. నీటిలో నలక ఉంటే ఆ శక్తి చేపతో పాటు నలకనూ మెరిపిస్తుంది.

కెమెరా సున్నితత్వాన్ని, అంటే ఐఎస్‌ఓను పెంచుకుంటే సరిపోతుంది, ఈ గొడవంతా ఎందుకని కొందరంటారు. ఐఎస్‌ఓ పెంచితే స్ట్రోబ్ వెలుగుతో పాటు వెనకనున్న ఎండ కూడా అంతే పెరుగుతుంది. సూర్యుణ్ణి ఫ్రేములో పెట్టి ముందున్న పగడానికి రంగు తేవాలంటే నిజమైన శక్తే కావాలి. అందుకే కొలత నిజాయతీగా ఉండాలంటున్నాను. ఏ రెండు సముద్రాల నీరూ ఒకలా ఉండదు కదా, నీటిలో ఎలా కొలుస్తారన్నది మరింత గట్టి అభ్యంతరం. తేటనీటి కొలనులో, మీటరు దూరంలో, ఐఎస్‌ఓ 100 దగ్గర, వెలుగు నడుమన ఎంత, అంచున ఎంత అని రెండు అంకెలిస్తే చాలు. అవి సముద్రంలో ఏం జరుగుతుందో చెప్పకపోవచ్చు, కానీ రెండు స్ట్రోబ్‌లను పోల్చడానికి పనికొస్తాయి.

తయారీదారులు ఆ పని చేసేదాకా పెట్టెను నమ్మకండి. రెండు స్ట్రోబ్‌లనూ ఒకే కొలనులో దించి, ఒకే తెల్ల పలకను ఒకే సెట్టింగుతో తీసి చూడండి.