డిఫ్‌లాక్ లైటుతో దొంగ గవాహీ చెప్పించొద్దు

గల్ఫ్ నుంచి చుట్టీ మీద ఇంటికొచ్చిన మనోళ్ల ముచ్చట్లలో తన్ఖా, కఫీల్, ఇఖామా అయిపోయాక వచ్చేది బండి ముచ్చటే. నిజామాబాద్, కరీంనగర్, కడప, ఏ ఊరి మొహల్లా తీసుకున్నా ఒక ఇంట్లో డ్రైవరో, పక్కింట్లో మెకానిక్కో ఉంటాడు. ఎడారి దారుల్లో ఒంటెల మందల దగ్గరికి, ఫార్మ్‌హౌస్‌లకి తిరిగేవాళ్ల చేతిలో ఎక్కువగా ఉండేది లాండ్ క్రూజర్ పికప్. సౌదీలో దాన్ని 'శాస్' అంటారు. ఈమధ్య వాళ్లలో ఎవర్ని కదిలించినా ఒకటే తక్లీఫ్ చెప్తున్నారు: డిఫ్‌లాక్ లైటు. బటన్ వేస్తే మిణుకు మిణుకుమంటూనే ఉంటుంది, నిలబడదు. గ్యారేజీవాడు 'సెన్సర్ ఖరాబ్' అని చేతులు దులుపుకుంటాడు. సేఠ్ 'ఖరాబ్ చేసింది నువ్వే' అంటాడు. ఖర్చు మనోడి తన్ఖాలోంచి పోతుంది.

నా రాయ్ సూటిగా చెప్పేస్తా. ఆ సెన్సర్ తనంతట తాను చచ్చేది తక్కువ. దాని చుట్టూ ఉన్న తీగని, కప్లర్‌ని, నూనెని పట్టించుకోక మనమే చంపుతాం. అంతకంటే పెద్ద జుర్మ్ ఇంకొకటుంది, దాని దగ్గరికి వస్తా. ముందు ఇది పనిచేసే తీరు తెలియాలి. ఇంట్లో ఆడవాళ్లు కూడా చదవండి, ఫోన్లో కొడుకుని అడగాల్సింది మీరే.

బరాత్ గల్లీ మలుపు తిరిగేటప్పుడు చూశారా? లోపలి వైపున్నవాళ్లు ఉన్నచోటే కాళ్లు కదుపుతారు, బయటి వైపున్నవాళ్లు గబగబా నడవాలి. బండి చక్రాలదీ అదే హాల్. ఆ తేడాని సర్దేదే వెనక హౌసింగ్‌లో ఉండే డిఫరెన్షియల్. రోడ్డు మీద అది నియామత్. ఇసుకలో మాత్రం అదే ముసీబత్. ఒక చక్రం గాల్లోకి లేచినా, మెత్తటి ఇసుకలో దిగినా, పట్టు లేని ఆ చక్రమే గిరగిరా తిరుగుతుంది, పట్టున్నది ఊరికే కూర్చుంటుంది. అందుకే లాక్. బటన్ వేస్తే చిన్న మోటర్ లోపలి ఫోర్కుని జరుపుతుంది, పళ్లు పళ్లలో కూర్చుంటాయి, రెండు చక్రాలూ ఒకటై తిరుగుతాయి. కొన్ని బండ్లలో మోటర్ బదులు విద్యుత్ అయస్కాంతం ఉంటుంది.

సెన్సర్ ఈ పనేదీ చేయదు. అది గవాహ్, అంతే. లాక్ పడిందా లేదా అని చూసి కంప్యూటర్‌కి చెప్తుంది. పడిందని చెప్తే లైటు నిలబడుతుంది. పడలేదంటే మిణుకుతూ ఉంటుంది. మామూలుగా కూడా కాసేపు మిణుకుతుంది, ఎందుకంటే పళ్లు ఎదురెదురుగా వచ్చేదాకా ఆగాలి. అప్పుడు బండిని నెమ్మదిగా, తిన్నగా ఒక నాలుగు గజాలు పోనిస్తే కూర్చుంటుంది. చాలా బండ్లలో ఫోర్-లో వేయకపోతే లాక్ అసలు పడదు. ఈ రెండు సంగతులు తెలియక గ్యారేజీకి పోయిన బండ్లు ఎన్నో. సబర్ లేక పైసలు పోగొట్టుకోవడం అంటే ఇదే.

ఇక రోగం ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. అన్నిటికంటే ముందు కప్లర్. సెన్సర్ తీగ వచ్చి కలిసే ప్లాస్టిక్ జోడు అది. హౌసింగ్ బండి కిందే ఉంటుంది కాబట్టి బురద, నీళ్లు, ఉప్పు అన్నీ ముందు దానికే తగులుతాయి. గల్ఫ్ తీరాల్లో సబ్ఖా అనే ఉప్పు నేలలున్నాయి, పైకి ఎండినట్టు కనిపిస్తాయి, టైరు దిగితే బురద. ఆ ఉప్పు కప్లర్‌లోకి చేరితే పిన్నులు పచ్చగా తుప్పు పడతాయి. కరెంటు సరిగా పోదు, గవాహ్ నత్తి మాట్లాడుతుంది. సబ్ఖాలో తిరిగొచ్చాక కింద మంచినీళ్లతో కడగాలి. కానీ ప్రెషర్ పైపుని కప్లర్ మీదే పెట్టి కొట్టకూడదు, ఆ జోరుకి రబ్బరు సీలు దాటి నీళ్లు లోపలికి పోతాయి. ఆరిన తర్వాత కప్లర్ విప్పి, పిన్నులు శుభ్రం చేసి, రబ్బరు సీలుకి డైఎలెక్ట్రిక్ గ్రీస్ పల్చగా రాసి బిగించాలి. బేరింగులకి కొట్టే మామూలు గ్రీసు పనికిరాదు, అది కొన్ని రకాల రబ్బర్ని ఉబ్బిస్తుంది. డబ్బా నిండా కూరడం కూడా తప్పే.

రెండోది తీగ. హౌసింగ్ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది, చాసిస్ ఊగదు. ఆ రెండిటి మధ్య తీగకి కాస్త వదులు ఉండాలి, కానీ కంపకి తగులుకునేంత వేలాడకూడదు. షోకుకి సస్పెన్షన్ ఎత్తు పెంచే కుర్రాళ్లు తీగ పొడవు పెంచరు. చక్రం గుంతలో పూర్తిగా కిందికి దిగిన రోజు తీగ తెగుతుంది, లేదా పైకి బాగానే కనిపిస్తూ లోపల రాగి తెగుతుంది. ఈ రెండోది మహా మాయదారిది. బండి ఆగి ఉన్నప్పుడు లైటు బాగుంటుంది, గతుకుల్లో పోతుంది.

మూడోది బ్రీదర్. మన మెకానిక్కులు తక్కువగా చూసేది ఇదే. నడిచి నడిచి వేడెక్కిన హౌసింగ్ వాగులో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. బయటి నుంచి గాలి పీల్చుకోవాలి. బ్రీదర్ గొట్టం మట్టితో మూసుకుపోతే ఆయిల్ సీళ్ల పక్క నుంచి నీళ్లే పీలుస్తుంది. గొట్టం కొస కిందనే ఉండి మునిగితే తిన్నగా దాంట్లోంచే తాగుతుంది. నీళ్లు కలిసిన క్రౌన్ ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగుకి మారుతుంది. ఆ రంగు కనిపిస్తే నూనె వెంటనే మార్చాలి, లేకపోతే బేరింగులూ పోతాయి, లోపల ఉన్న సెన్సర్ కూడా పోతుంది. బ్రీదర్ గొట్టాన్ని పైకి లాగి కట్టడానికి అయ్యే ఖర్చు ఒక పూట బిర్యానీకి మించదు.

మా ఉర్దూ మీడియం బడిలో సైన్స్ మాస్టర్ రెండు వస్తువుల రాపిడిని 'రగడ్' అని నేర్పారు. డిగ్రీకి తెలుగులోకి వచ్చాక అదే ఘర్షణ అయింది. తెలుగులో రగడ అన్నా ఘర్షణ అన్నా కొట్లాటే కదా! నూనె పాడైన హౌసింగ్‌లో జరిగేది అదే. డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదలాంటి మెత్తటి పొడి ఉండటం మామూలే. ఇనుప ముక్కలు కనిపిస్తే మాత్రం సెన్సర్ సంగతి పక్కనపెట్టి క్రౌన్ విప్పాలి.

ఇక వాడకపోవడం. 1990లలో వచ్చిన 80 సిరీస్ లాండ్ క్రూజర్ ఉన్నవాళ్లకి బాగా తెలుసు, ఏళ్ల తరబడి లాక్ వేయని బండిలో మోటర్ లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. గవాహ్ నిజమే చెప్తుంటాడు, లాక్ పడలేదని. మనం అతన్నే మార్చేస్తాం. నెలకోసారి మెత్తటి మట్టిలో తిన్నగా పోతూ లాక్ వేసి తీయాలి. తారు రోడ్డు మీద మాత్రం వద్దు, స్టీరింగ్ మొరాయిస్తుంది, పళ్ల మీద భారం పడుతుంది. మన దగ్గర కూడా ఈ మాట ఇప్పుడు అవసరమే. 2022లో వచ్చిన హైలక్స్‌లో, 2024లో వచ్చిన థార్ రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో ఎలక్ట్రానిక్ డిఫ్‌లాక్ ఉంది. ఆదివారం అనంతగిరి దాకా పోయి రేగడిలో దింపుతున్నారు. రేగడి మట్టి ఎండితే ఇటుకే, తీగని పట్టుకుని లాగేస్తుంది. ఇంకొందరి బండి షాదీఖానాకి తప్ప ఎక్కడికీ పోదు, దూలాకి పూలు కట్టడానికి డిఫ్‌లాక్ ఎందుకో నాకు సమజ్ కాదు. గూర్ఖా బండిలో లాక్‌లు చేతి లీవర్లతో పడతాయి, వాళ్లకి ఈ బటన్ బాధ లేదు.

ఇప్పుడు ఆ జుర్మ్ సంగతి. కొన్ని గ్యారేజీల్లో ఒక 'జుగాడ్' నడుస్తోంది. సెన్సర్ తీగల్ని ఒకదానికొకటి కలిపేస్తారు. లైటు నిలబడుతుంది, సేఠ్ ఖుష్, మెకానిక్ ఖుష్. గవాహ్‌ని బయటికి గెంటి, అతని పేరు మీద దొంగ గవాహీ చెప్పించడమే ఇది. లాక్ పడిందని నమ్మి ఇసుక తిన్నె ఎక్కినవాడికి సగంలో పట్టు పోతుంది, బండి అడ్డం తిరిగితే పల్టీయే. తీగల్ని అటు తెంపి ఇటు కలిపి లైటు ఎప్పటికీ వెలగకుండా చేసినా అంతే. లాక్ ఊడలేదని తెలియక హైవే ఎక్కినవాడికి మలుపులో బండి చెప్పినట్టు వినదు. చాలా బండ్లలో లాక్ ఉండగా ఏబీఎస్ కూడా పక్కకి తప్పుకుంటుంది. లోపల కూర్చున్నది మన బిడ్డ, అతని వెనక సీట్లో ఎవరి బిడ్డలో. ఈ పని చేయనని చెప్పి తిట్లు తిన్న మెకానిక్కులు కూడా మనోళ్లలో ఉన్నారు, వాళ్లకి నా సలాం.

సెన్సర్ కొనేముందు ఫ్యూజు చూడమనండి. కప్లర్ విప్పి చూడమనండి. లైటు చూస్తూ తీగని చేత్తో కదిలించమనండి, మల్టీమీటర్‌తో తీగ ఈ కొస నుంచి ఆ కొసకి పరీక్ష చేయమనండి. అరగంట పని. ఇవన్నీ సరిగా ఉండి కూడా సెన్సర్ పలకకపోతే అప్పుడు మార్చండి, మార్చేటప్పుడు సీలు కూడా కొత్తది వేయండి.

జిమ్మేదారీ ఎవరిది అన్న దగ్గర నేను డ్రైవర్ పక్షమే. గ్రీసు, నూనె, సర్వీసు బండి గలవాడు ఇప్పించాలి. ఇప్పించకుండా పాడైతే జీతం కోయడం జులుమ్. కానీ పర్దేస్‌లో ఒంటరిగా ఉన్నవాడి మాట కంటే కాగితం గట్టిది. అందుకే మీవాళ్లకి ఈ రాత్రి వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి, ఇంట్లో మాట్లాడే జుబాన్‌లోనే: బండి చేతికి తీసుకున్న రోజే లైటు వెలగడం, కప్లర్, బ్రీదర్, నూనె రంగు ఫోటోలు తీసి పెట్టుకో. నెలనెలా లాక్ వేసి తీసినప్పుడు ఒక చిన్న వీడియో తీయి. ఏదైనా తేడా కనిపించిన రోజే సేఠ్‌కి మెసేజ్ పెట్టు, నోటితో చెప్పి వదిలేయకు.

ఆ ఫోటోల్ని ఇంటికి కూడా పంపమనండి. ఫోన్ పోయినా ఒక నకలు అమ్మీ దగ్గర ఉంటుంది.