చొక్కా మీద మొసలి

గోడ మీద పోస్టరు అంటించాలంటే ఆ ఇంటివాళ్ళని అడగాలి, ఒక్కోసారి అద్దె కూడా ఇవ్వాలి. అదే ఒక కంపెనీ పేరుని ఈ భుజం నుంచి ఆ భుజం దాకా అచ్చు వేయించుకుని ఊరంతా తిరగడానికి మాత్రం మనమే ఎదురు డబ్బులిస్తున్నాం. ఇదేం లెక్కో నాకు ఎంతకీ అర్థం కాదు.

ముందే చెప్పేస్తున్నాను, నాకు బ్రాండ్ల మీద కోపమేమీ లేదు. మావారి మడమ నొప్పికి మంచి కంపెనీ బూట్లే కొన్నాం, నాలుగేళ్ళు మన్నాయి. మంచి గుడ్డకీ మంచి కుట్టుకీ నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం తప్పు కాదు. నా గొడవంతా ఆ పేరు ఎక్కడుండాలి అన్నదాని గురించే.

మా నాన్నగారి చొక్కాలకీ పేరుండేది. టైలరు తన షాపు పేరున్న చిన్న పట్టీని కాలరు లోపల కుట్టేవాడు. కుట్టు ఊడితే ఎవరిని అడగాలో తెలియడానికి అది. తొడుక్కున్నాక ఎవరికీ కనబడేది కాదు. లోపలున్న పేరు కుట్టినవాడి పూచీ. అదే పేరు ఛాతీ మీదకి వచ్చేసరికి, తొడుక్కున్నవాడి స్తోమత చెప్పే చీటీ అయిపోయింది.

పేరు అలా బయటికొచ్చిన కథ తమాషాగా ఉంటుంది. రెనె లాకోస్త్ అని ఫ్రాన్సులో ఒక టెన్నిస్ ఆటగాడుండేవాడు. 1920లలో పెద్ద పెద్ద పోటీలు గెలిచాడు. పత్రికలవాళ్ళు ఆయన్ని 'మొసలి' అనేవారు. స్నేహితుడొకాయన మొసలి బొమ్మ గీసిస్తే ముచ్చటపడి తన కోటు మీద కుట్టించుకున్నాడు. 1933లో మరొకరితో కలిసి కంపెనీ పెట్టి, అదే మొసలితో చొక్కాలు అమ్మాడు. బట్టల పైన గుర్తు వేసి అమ్మిన తొలి కంపెనీల్లో అదొకటి. ఆ మొసలి ఆయనకొచ్చిన పేరు, ఆయన సొంతం. మరి మన పిల్లల చొక్కా మీద మొసలి ఎవరిది?

దీనికి సరిగ్గా ఎదురు కథ మన దగ్గరే ఉంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు కట్టిన పట్టుచీర నీలానికి 'ఎం.ఎస్. బ్లూ' అనే పేరొచ్చింది. ఇప్పటికీ పట్టుచీరల కొట్లో ఆ మాటంటే ఏ రంగో తెలిసిపోతుంది. ఆవిడ ఎవరి పేరూ మోయలేదు, రంగే ఆవిడ పేరు పెట్టుకుంది. సొంత తీరు అంటే అదీ.

"మరి పెళ్ళిళ్ళకి మీరంతా కట్టే జరీ అంచులు లోగోలు కావా అమ్మా?" అంది మా అమ్మాయి. డిగ్రీ చదువుతోంది, ఊరుకుంటుందా! ప్రశ్న బాగానే ఉంది. అంచు ఎంత వెడల్పుంటే అంత గొప్ప అనుకునేవాళ్ళు మనలో లేకపోలేదు. కానీ ఒక తేడా ఉంది. నూలు చీరకి పట్టు అంచు కనబడితే గద్వాల అంటాం, దారానికి ముందే రంగులద్ది నేసిన నేత చూసి పోచంపల్లి అంటాం. ఊరి పేరు చెప్పేది పనితనమే, విడిగా అక్షరాలు అక్కర్లేదు. చేనేత మార్కు, సిల్క్ మార్కు చీటీలూ ఉంటాయి, కానీ కొనేటప్పుడు చూసుకుని, కట్టుకునే ముందు తీసేస్తాం. పూచీ పని అక్కడితో అయిపోయింది మరి.

ఇదంతా పెద్దవాళ్ళ ముచ్చట, పోనీలే అనుకోవచ్చు. పిల్లల దగ్గరికొచ్చేసరికి నాకు మనసొప్పదు. మా ఇంటికి పనికొచ్చే ఆవిడ కొడుకు ఇంటరు చదువుతున్నాడు. అందరికీ ఉన్నాయని పోరితే, ఆ నెల చీటీ ఆపుకుని, ఫుట్‌పాత్ మీద ఆరొందలు పెట్టి పేరున్న కంపెనీ గుర్తుతో బూట్లు కొనిచ్చింది. రెండోరోజే తోటి పిల్లలు బూటు తిరగేసి, గుర్తు వంకరగా ఉందని పట్టేసి, నకిలీవని నవ్వారట. ఇప్పుడు వాడు చెప్పులతోనే వెళ్తున్నాడు. ఆవిడ బాధ ఆరొందల గురించి కాదు. "అప్పట్నుంచీ నా మొహం చూసి సరిగ్గా మాట్లాడటం లేదమ్మా" అంది.

ఆ గుర్తే లేకపోతే ఆ బూటుని ఎవరూ తిరగేసేవాళ్ళు కాదు. నవ్విన పిల్లలు చెడ్డవాళ్ళని నేననను. ఒకళ్ళనొకళ్ళు చీటీలు చూసి వెలకట్టుకోవడం వాళ్ళకి నేర్పింది మనమే కదా. ఫంక్షన్లో ఒకడి భుజం మీద చెయ్యేసి "ఏ బ్రాండు బాబూ?" అని అడుగుతాం. పక్కనే సాదా చొక్కాలో నిలబడ్డ పిల్లాడు ఆ మాట వింటాడు.

వద్దని కట్టడి చేస్తే పిల్లలు వినరు, ఇంకా పట్టుబడతారు. అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాం. కొట్లో ఏ చొక్కా నచ్చినా, ముందు లోగో మీద అరచెయ్యి అడ్డంపెట్టి చూడాలి. రంగు, గుడ్డ, కుట్టు, ఒంటికి కుదిరిన తీరు, ఇవి అప్పటికీ నచ్చితే కొనుక్కోవచ్చు, లోగో ఉన్నా సరే. చాలాసార్లు చొక్కా మళ్ళీ హ్యాంగరుకే వెళ్తుంది. ఈసారి బట్టలకి వెళ్ళినప్పుడు మీరూ చేసి చూడండి. పిల్లల చేతే పెట్టించండి ఆ చెయ్యి.