ఎర్రని పిల్ల, నల్లని కొర్రమీను
(తీరిక వేళ)



మన కాలనీలో ముందుగదిలో అక్వేరియం ఉన్న ఇళ్లు కొన్ని ఉన్నవి. వాటిలో సాధారణంగా కనిపించేవి గప్పీలు, మోలీలు, గోల్డుఫిష్‌లు. మొదటి రెండూ అమెరికా ఖండాల నుండి, మూడవది చైనా నుండి వచ్చినవి. "మన నేల చేపను ఎందుకు పెంచకూడదు నాన్నగారూ?" అని మా అబ్బాయి అడిగినప్పుడు నావద్ద సమాధానం లేకపోయినది. నాలుగేళ్ల అనుభవం నేర్పిన సమాధానమే ఈ నెల శీర్షిక.

బస్తరు ప్రాంతపు దక్షిణపు కొసన, తెలంగాణ సరిహద్దుకు చేరువలో తర్లగూడ అనే గ్రామమున్నది. మా తోడల్లుడుగారి నివాసం అక్కడే. ఒక వానాకాలం మేము వెళ్లినప్పుడు, వరిమడి పక్కనున్న కుంటలో ఎర్రని చేపపిల్లల గుంపు బంతివలె కదులుతూ మావాడి కంటబడినది. దాని అడుగున ఒక పెద్ద చేప నీడవలె తిరుగుతున్నది. "అది కొర్రమీను బాబూ, పిల్లలను కాచుకుంటున్నది" అని ఒక పెద్దాయన వారించినా, రెండు పిల్లలు మా స్టీలు క్యానులో క్వార్టరుకు చేరినవి.

కొర్రమీను మనకు కొత్తది కాదు. తెలంగాణ రాష్ట్రపు అధికారిక చేప ఇదే. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో ఇచ్చే చేపమందులో వాడేదీ దీని పిల్లనే. తలలోని ప్రత్యేకమైన అరల సహాయంతో ఇది గాలిని నేరుగా పీల్చగలదు. అందుకే బజారులో దీనిని బతికుండగానే అమ్ముతారు. హీటరు లేని మామూలు నీటిలోనే పెరుగుతుంది. ఇన్ని సుగుణాలు చూచి పెంపకం సులభమనుకున్నాము.

నెల తిరగకుండా రెండు పిల్లలలో ఒకటే మిగిలినది. పెద్దది చిన్నదానిని మింగినది. ఆ తరువాత గప్పీలు ఒక్కొక్కటిగా మాయమైనవి. ఎర్రని రంగు పోయి నలుపు వచ్చినది. ఒక తెల్లవారుజామున పెట్టె ఖాళీగా కనిపించినది. వెదకగా బీరువా కింద దుమ్ములో పొరలుతూ, ఇంకా ప్రాణంతోనే దొరికినది. ఆనాటినుండి మూతపై బరువు పెట్టినాము. అయితే మూతకూ నీటికీ మధ్య జానెడు ఖాళీ ఉంచవలసినదే. పైకి వచ్చి గాలి పీల్చుకోలేకపోతే ఈ చేప నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది.

ఇక లెక్క చూద్దాము. మా పెట్టె మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అందులో పట్టేది సుమారు 190 లీటర్లు. కొర్రమీను రెండడుగులకు పైగా పెరగగల చేప. అది ఒంటికి తిరగాలంటే కనీసం ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల పెట్టె కావలెను. అందులో నీరే 680 కిలోల బరువు. మేడమీది క్వార్టరులో దానిని ఎక్కడ నిలపగలము? పైగా మాంసాహారపు చేప విసర్జించే అమ్మోనియాను ఫిల్టరులోని సూక్ష్మజీవులు క్రమంగా నైట్రేటుగా మారుస్తవి. ఆ నైట్రేటును తొలగించాలంటే వారం వారం నాలుగవ వంతు నీరు మార్చక తప్పదు.

"కాలనీ చెరువులో వదిలేద్దాము" అన్నాను నేను. మా శ్రీమతి అంగీకరించలేదు. ఆమె మాటే సరియైనది. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, క్రాఫ్టన్ పట్టణంలో ఒక వ్యక్తి ఇంట్లో పెంచలేక రెండు చేపలను ఒక కుంటలో వదిలినాడు. అవి కొర్రమీను వంశానికే చెందిన, చలినీటిలో బతికే ఆసియా చేపలు. అవి పిల్లలు పెట్టి వందలుగా పెరిగినవి. చివరకు 2002లో కుంటలో మందు కలిపి చేపలన్నిటినీ చంపవలసి వచ్చినది. పోనీ, తిరిగి తర్లగూడకే చేర్చుదామంటే, విదేశీ చేపలతో కలిసి ఉన్నదాని వెంట ఏ రోగం ఆ కుంటకు పోవునో!

చివరకు కింది అంతస్తులోని మిత్రుడొకరు తన పెరటి సిమెంటు తొట్టిని ఇచ్చినారు. పైన వల బిగించినాము. ప్రస్తుతం అది అక్కడ క్షేమంగా ఉన్నది. కాని వచ్చే ఏడాది నా పదవీ విరమణ. ఆ మిత్రునికి బదిలీ కూడా రావచ్చును. బీరువాను లారీలో వేయగలము గాని, ఈ ప్రాణిని ఎవరి చేతిలో పెట్టగలము?

మన దేశపు చేపనే పెంచాలనుకునే బాలబాలికలకు జీబ్రా డానియో, రోజీ బార్బ్ వంటి చిన్న జాతులున్నవి. దుకాణంలో పేరు చెప్పి అడగండి. ఏ చేపనైనా ఇంటికి తెచ్చేముందు అది నేడు ఎంత ఉన్నదో కాక, పెరిగితే ఎంతవుతుందో కొలవండి. ఆ పెద్దాయన మాట విననందుకు మేము నేటికీ ఆ తొట్టిలో నీరు మారుస్తూనే ఉన్నాము.