బస్సు వద్దు, సైకిలే ముద్దు



విహారయాత్ర అనగానే మనం బస్సే అంటాం. పోయినేడు బస్సులో సగంమందికి వాంతులు, మిగతా సగం నిద్ర. ఇంటికి పోయినాక మా నాయన "దారిలో ఏమేం చూసినావురా?" అని అడిగితే నోరు పెగల్లేదు.

ఈసారి మదనపల్లెకు సైకిళ్ల మీద పోదాం అని నా అభిప్రాయం. సైకిలెక్కితే చింతచెట్ల నీడ, టమోటా తోటలు, వేరుశనగ చేలు అన్నీ కనిపిస్తాయి. వెనక్కి తిరిగితే మన మల్లయ్యకొండ. ఆగాలనుకున్నచోట ఆగొచ్చు.

1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బి.టి. కాలేజీకి వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించినారు. ఆ పాటకు స్వరాలు రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్‌ది ఐర్లాండు దేశం. ఆ దేశంలో వాటర్‌ఫర్డ్ దగ్గర మూతపడిన రైలుదారిని 2017లో 46 కిలోమీటర్ల సైకిలుదారిగా మార్చినారు. మనకు అట్లాంటిది లేదు. కానీ లారీలు తిరగని పల్లెబాటలు ఉన్నాయి కదా!

"ప్రమాదం జరిగితే?" అని వార్డెను సార్ల భయం. అది న్యాయమే. అందుకే చుట్టయినా పల్లెబాటనే పోదాం. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదిరితే ఆగిపోదాం. ముందొక సారు, వెనకొక సారు ఉండాలి. పంపు, పంక్చరు సామాను మరవకూడదు. రాత్రికి అక్కడే ఏదైనా హాస్టల్లో పడుకుని మర్నాడు తిరిగొద్దాం.

సైకిలు లేనివాళ్లను వదిలేసి పోతే అది యాత్రే కాదు. ఇద్దరికొకటి చాలు, మార్చి మార్చి తొక్కుదాం.

సార్లూ, ఒక్కసారి ఆలోచించండి. మా నాయన మళ్లీ అడిగితే ఈసారి రాత్రంతా చెబుతాను.

- 9వ తరగతి విద్యార్థి