ఇరుకు ద్వారం, మనం ఇరుకు చేసిన ద్వారం



గత నెల పెదపాడు నుంచి టెంపో ట్రావెలర్‌లో బయలుదేరి గండికోట, బెలూం గుహలు చూసి వచ్చాం. గండికోటలో పెన్నా నది చీల్చిన లోయ అంచున ఫోటోలు దిగి గంటలో కదిలిపోయాం. మనసులో నిలిచిపోయింది బెలూం.

చుట్టూ ఎండిన నేల, నాపరాళ్ళ గనులు. కొల్లేటి గాలి పీల్చే మనకు ఆ నేలను చూస్తేనే దాహం వేస్తుంది. అయినా దాని కింద సున్నపురాతిని యుగయుగాలుగా తొలిచింది నీళ్ళే. గుహ మొత్తం 3,229 మీటర్లు, సందర్శకులను వెళ్ళనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. కొన్నిచోట్ల తల వంచి, పక్కకు తిరిగి, ఒక్కొక్కరుగా నడవాలి. లోపల ఒకటే ఉక్క. మా భుజాన ఉన్న సంచి రాతికి తగులుకుని కదలనివ్వలేదు, తీసి చేత్తో పట్టుకున్నాం.

మోకాళ్ళ నొప్పులున్న సహోదరి ఒకరు "మీరెళ్ళండి అయ్యగారూ, నేనిక్కడే కూర్చుంటాను" అన్నారు. వెనక వస్తున్న మన వ్యాను డ్రైవరు కుర్రాడు "రా అత్తా, నా భుజం పట్టుకో" అంటూ ముందు నడిచాడు. వెనకున్న వాళ్ళందరం ఆవిడ నడకకు తగ్గి నడిచాం. ఆవిడ పాతాళగంగ దాకా వచ్చారు.

ఆ కుర్రాడు మన సంఘంలో పుట్టి పెరిగినవాడే. (అతన్ని అడిగే రాస్తున్నాం.) మనల్ని అడగకుండా వేరే సంఘపు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడని రెండేళ్ళుగా ప్రభు బల్లకు దూరంగా ఉంచాం. ఆ తీర్మానం మీద మొదటి సంతకం మాదే. ఆ ఆదివారమే మత్తయి 7వ అధ్యాయంలోని ఇరుకు ద్వారం మీద ప్రసంగించాం కూడా.

కొల్లేటి వాళ్ళకు ఇరుకు గురించి వేరే చెప్పాలా? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ వచ్చి కలిస్తే సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. దానికి పూడిక, ఆక్రమణలు తోడైతే మునిగేది లంక గ్రామాలు. ఆ అదనపు ఇరుకు దేవుడు పెట్టింది కాదు. మన తీర్మానమూ అలాంటి గట్టేనని మా నమ్మకం.

క్రమశిక్షణ ఏమైపోవాలని కొందరు పెద్దలు అడుగుతారు. తాగొచ్చి భార్యను కొట్టేవాణ్ణి గద్దించవద్దని మేము అనడం లేదు. ఈ అబ్బాయి విషయంలో దెబ్బతిన్నది వాక్యం కాదు, మన పరువు. ప్రభువు ద్వారం ఇరుకే. బెలూంలో అడ్డం పడింది మాత్రం మా సంచి, ఆ సహోదరి కాదు.

వచ్చే పెద్దల కూటంలో ఆ తీర్మానం తీసేయమని అడగబోతున్నాం. తిరుగు దారిలో అతనికి క్షమాపణ చెప్పి, భార్యతో కలిసి ఆరాధనకు రమ్మన్నాం. "చూద్దాం అయ్యగారూ" అన్నాడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. ఈ ఆదివారం కిరాయి ఉందట.