ముడి వేయడం కూడా చదువే

ఈసారి మీ ముందు ఒక చిన్న విషయం పెట్టి వాదించాలని ఉంది. పడవ కమ్మీకి తాడు ఎలా కట్టాలి అన్నదే ఆ విషయం. "ఇంతేనా?" అని నవ్వకండి. ఇందులో మీ తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం సగం ఉంది. దీన్ని బడిలో నేర్పకపోవడం పొరపాటని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

మీరు కరీంనగర్‌లో లోయర్ మానేరు డ్యాంకు వెళ్ళారనుకోండి. 1974లో మొదలై 1985లో పూర్తయిన జలాశయం అది. లేదా కడెం వెళ్ళారనుకోండి. పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఆ ఊరు 2016 నుంచి నిర్మల్ జిల్లాలో ఉంది. పడవ ఎక్కారు, నీళ్ళ మీద తిరిగారు, తిరిగి ఒడ్డుకు వస్తున్నారు. పడవ మెల్లగా రేవు వైపు జరుగుతోంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు లేచి, పడవ గోడకు తగలకుండా ఆపుదామని చేయి చాపుతారు. ఇంకొకరు కాలు చాపుతారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. కాని లెక్క వేసి చూడండి.

మనుషులతో కలిపి పడవ బరువు రెండు టన్నులు, అంటే 2000 కిలోలు అనుకుందాం. వేగం సెకనుకు అర మీటరు. మనిషి తీరిగ్గా నడిచే వేగంలో ఇది సగం కూడా ఉండదు. గతిజశక్తి సూత్రం మీకు తెలుసు: ద్రవ్యరాశిని వేగవర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి. జవాబు 250 జౌళ్ళు వస్తుంది. పడవ ఆగాలంటే ఈ శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. రాతిగోడకు తగిలి ఒక సెంటీమీటరు దూరంలో ఆగిందనుకోండి. అప్పుడు సగటు బలం 25,000 న్యూటన్లు. అంటే సుమారు రెండున్నర టన్నుల బరువు మీద పడినట్లు. ఆ ఒక్క సెంటీమీటరు సందులో మీ వేలు ఉంటే దాని గతి ఏమిటో వేరే చెప్పాలా?

ఇప్పుడు మధ్యలో ఒక పాత టైరు వేలాడుతోందనుకోండి. అది పది సెంటీమీటర్లు నొక్కుకుపోయి పడవను ఆపుతుంది. శక్తి అదే 250 జౌళ్ళు. ఆగే దూరం పదింతలు పెరిగింది కాబట్టి బలం పదోవంతుకు, అంటే 2,500 న్యూటన్లకు తగ్గింది. పడవ బతికింది, రేవు బతికింది, వేలూ బతికింది. ఇలా పడవకూ గోడకూ మధ్య దెబ్బ కాచుకునే దిండునే ఫెండరు అంటారు. పాత రైలు పెట్టెల చివర జంటగా గుండ్రని బఫర్లు చూసి ఉంటారే, అవి చేసే పనీ ఇదే.

మరొక సంగతి కూడా గుర్తుంచుకోండి. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలవుతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో వస్తే 250 కాదు, 1000 జౌళ్ళు. రేవు దగ్గర "మెల్లగా, మెల్లగా" అని పడవవాడు కేక వేసేది ఊరికే కాదు.

ఫెండరు పడవకే ఎందుకు?

"టైర్లను రేవు గోడకే కట్టేస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. విశాఖపట్నం లాంటి పెద్ద ఓడరేవుల్లో ఓడలు ఆగే గోడలకే పెద్ద పెద్ద రబ్బరు ఫెండర్లు బిగించి ఉంటాయి. కాని మన జలాశయాల సంగతి వేరు. లోయర్ మానేరు నిండితే నీటిమట్టం 920 అడుగులు. కాలువలకు నీళ్ళు వదిలేకొద్దీ మట్టం దిగుతుంది. వేసవి నాటికి నీళ్ళు ఎంత కిందికి పోతాయో ఒడ్డున ఎండిన మట్టి చారలే చెబుతాయి. వానాకాలంలో నిండిన మట్టానికి సరిపోయేలా గోడకు కట్టిన టైరు వేసవిలో పడవ కన్నా ఎంతో ఎత్తున గాలిలో వేలాడుతుంది. పడవకు కట్టిన టైరు మాత్రం పడవతోపాటే దిగుతుంది, పడవతోపాటే లేస్తుంది.

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. ఒక రేవు ఎత్తు, ఒక రేవు పొట్టి. పడవలో పదిమంది ఎక్కితే అది ఇంకాస్త మునుగుతుంది. కాబట్టి ఫెండరును ప్రతి రేవులోనూ కొంచెం పైకో కిందికో జరపాలి. అదీ పడవ గోడకు చేరేలోపే, తడి చేతులతో, కొద్ది క్షణాల్లో జరగాలి. అంటే ముడి గట్టిగానూ ఉండాలి, వెంటనే వదలాలి కూడా. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురు. పీటముడి వేస్తే జారదు, కాని విప్పబోతే గోళ్ళు ఊడతాయి. వదులు ముడి వేస్తే సులువుగా వస్తుంది, కాని టైరు నీళ్ళపాలవుతుంది. మరి ఏ ముడి వేయాలి?

చుట్టులో ఉన్న బలం

ముడిని పట్టి ఉంచేది ఘర్షణ. తాడును కమ్మీ చుట్టూ తిప్పిన ప్రతిసారీ ఘర్షణ కూడికలా కాదు, గుణకారంలా పెరుగుతుంది. 18వ శతాబ్దంలో లియొనార్డ్ ఆయిలర్ అనే గణితవేత్త దీనికి సూత్రం కట్టాడు. మీరు నమ్మనక్కరలేదు, చేసి చూడండి. బడి వరండాలో అడ్డంగా ఉన్న నున్నని ఇనుప కమ్మీ ఒకటి వెదకండి. రెండు లీటర్ల సీసాలో నీళ్ళు నింపి తాడుకు కట్టండి. తాడును కమ్మీ మీదుగా వేసి, రెండో కొసకు ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసు తగిలించండి. సీసా జారకుండా ఆపడానికి ఎంత బలం కావాలో రాసుకోండి. తరువాత తాడును ఒక పూర్తి చుట్టు ఎక్కువ తిప్పి చూడండి. తరువాత ఇంకొక చుట్టు.

ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే లెక్క ప్రకారం మొదటిసారి సుమారు 1070 గ్రాములు, రెండోసారి 300 గ్రాములు, మూడోసారి 90 గ్రాములు పట్టాలి. రెండు కిలోల సీసాను రెండు చుట్ల తరువాత చిటికెన వేలితో ఆపవచ్చునన్నమాట! మీ తాడు, మీ కమ్మీ వేరు కాబట్టి మీ అంకెలు వేరుగా వస్తాయి. అంకెలు తగ్గే తీరు మాత్రం ఇదే. ఇంకొక చిత్రం చూడండి. ఆ సూత్రంలో కమ్మీ లావు ఎంత అన్నది లేనే లేదు, ఎంత కోణం తిరిగిందన్నదే లెక్క.

ఇక ముడి వేద్దాం. తాడు కొసను కమ్మీ మీదుగా అవతలికి వేసి, కింది నుంచి ఇవతలికి తీయండి. దాన్ని మొదటి చుట్టు మీదుగా ఏటవాలుగా దాటించి, పక్కనే అదే దిశలో రెండో చుట్టు వేయండి. ఇప్పుడు ఆ ఏటవాలు తాడు కిందుగా కొసను దూర్చి బిగించండి. పక్కపక్కన రెండు చుట్లు, వాటి మీద ఒక అడ్డ పట్టీ కనిపిస్తే ముడి సరిగా పడినట్లే. స్కౌట్లు దీన్ని క్లోవ్ హిచ్ అంటారు. బరువు లాగేకొద్దీ అడ్డ పట్టీ కొసను నొక్కిపెడుతుంది. రెండు వైపుల తాడునూ లోపలికి నెడితే వదులవుతుంది. అప్పుడు ఫెండరును కావలసినంత పైకో కిందికో జరిపి మళ్ళీ బిగించవచ్చు. కొస మొత్తాన్ని కాక దాన్ని మడిచి ఆ మడతను దూరిస్తే అది జారుముడి అవుతుంది. బూటు లేసులాగా, కొస పట్టి ఒక్క లాగు లాగితే విడిపోతుంది.

అయితే ఈ ముడికి ఒక లోపం ఉంది. నున్నటి స్టీలు కమ్మీ మీద, అలలకు ఫెండరు గంటల తరబడి ఊగుతూ ఉంటే ఇది కొంచెం కొంచెంగా జారుతుంది. కాబట్టి రేవుకు వచ్చేటప్పుడు ఇది వేయండి. పడవ నిలిచాక, ఎక్కువసేపు ఉండేట్లయితే వేరే ముడి వేయండి. కమ్మీకి తాడును రెండుసార్లు చుట్టి, కొసను బరువు మోసే తాడు చుట్టూ తిప్పి సందులోంచి తీసి బిగించండి. అదే దిశలో మరోసారి అలాగే చేయండి. మొదటి చుట్లు బరువును మోస్తాయి, తరువాతి మెలికలు చుట్లను కాపలా కాస్తాయి.

ఎక్కడ కట్టాలన్నది కూడా ముఖ్యమే. రెండు నిలువు కడ్డీల నడుమ కమ్మీకి కడితే అది వంగుతుంది. నిలువు కడ్డీ మొదట్లో కట్టడం మేలు. 60 సెంటీమీటర్ల ఎత్తున 200 న్యూటన్ల బలం లాగితే కడ్డీ పాదం మీద పడే బలభ్రామకం 120 న్యూటన్ మీటర్లు. 10 సెంటీమీటర్ల ఎత్తున లాగితే 20 మాత్రమే. తుల మీద మీరు చేసిన లెక్కే ఇది. తాడుకు రెండుచోట్ల రంగు గుర్తులు పెట్టుకుంటే, ఎత్తు రేవుకు ఒకటి, పొట్టి రేవుకు ఒకటి, చూడగానే జరపవచ్చు. టైరుకు అడుగున ఒక రంధ్రం పెట్టడం మరవకండి. నీళ్ళు నిలిస్తే టైరు బరువెక్కుతుంది. అంతకన్నా చెడ్డ సంగతి, టైరులో నిలిచిన నీళ్ళు డెంగీ దోమకు పుట్టిల్లు.

చేతి పని, తల పని

"ఇదంతా పడవవాళ్ళ పని, మాకెందుకు?" అంటారేమో. నా అసలు వాదన ఇక్కడే ఉంది.

మన ఊళ్ళలో తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చూడండి. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు వేసుకుని, వెనక్కి వాలి, కాళ్ళతో చెట్టును తన్నిపట్టి నిలుస్తాడు. వెనక్కి వాలినకొద్దీ మోకు చెట్టును గట్టిగా నొక్కుతుంది, ఘర్షణ పెరుగుతుంది. ఆ ఘర్షణ మీదే అతని ప్రాణం ఆధారపడి ఉంది. చేంతాడుకు బొక్కెన కట్టే అమ్మమ్మకు, పలుపుతో ఎద్దును గుంజకు కట్టే రైతుకు ఏ ముడి ఎక్కడ నిలుస్తుందో తెలుసు. వీళ్ళ తెలివిని మనం చదువు అనం. ఘర్షణ సూత్రం రాసి మార్కులు తెచ్చుకుని, మేకపిల్లను కట్టేయడం చేతకానివాణ్ణి మాత్రం చదువుకున్నవాడంటాం. ఇది న్యాయమా?

అలాగని చేతి అలవాటు ఒక్కటే చాలునని కూడా నేను అనను. కొబ్బరి పీచు తాడు గరుకు. దానితో నేర్చుకున్న ముడిని ఈనాటి నున్నని ప్లాస్టిక్ తాడుతో వేస్తే జారిపోవచ్చు. ఎందుకు జారిందో తెలిసినవాడు వెంటనే ఇంకొక చుట్టు వేస్తాడు. తెలియనివాడు తాడును తిట్టుకుంటాడు. ఎండలో ఏళ్ళ తరబడి ఉన్న ప్లాస్టిక్ తాడు పెళుసెక్కుతుందని తెలిసినవాడు తెగకముందే మారుస్తాడు. చేతికి తల తోడు కావాలి, తలకు చెయ్యి తోడు కావాలి.

"కమ్మీకి తగిలించే క్లిప్పులు బజారులో దొరుకుతున్నాయి కదా, ముడి ఎందుకు?" అని ఇంకొందరు అంటారు. దొరుకుతాయి, పని వేగంగానే అవుతుంది. కాని క్లిప్పు తనకు సరిపడిన లావు కమ్మీకే పడుతుంది. అది విరిగిన రోజున మీకు మిగిలేది తాడూ, మీ పది వేళ్ళే.

2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర విహార పడవ మునిగి ఎందరో చనిపోయారు. అలాంటి ఘోరాల గురించి పత్రికలు రాస్తాయి, రాయవలసిందే. లైఫ్ జాకెట్టు లేకుండా ఎవరూ పడవ ఎక్కకూడదు. కాని రేవు దగ్గర నలిగిన వేలు గురించి ఏ పత్రికా రాయదు. పెద్ద ప్రమాదాన్ని ఆపడానికి ప్రభుత్వం కావాలి, చట్టం కావాలి. ఈ చిన్న ప్రమాదాన్ని ఆపడానికి ఒక పాత టైరు, రెండు గజాల తాడు, సరైన ముడి చాలు.

అందుకే నేను కోరేది ఇది. ఘర్షణ పాఠం చెప్పే రోజున ఉపాధ్యాయులు ఒక తాడు తెచ్చి ఈ రెండు ముళ్ళూ వేయించాలి. పరీక్షలో సూత్రానికి మార్కులిచ్చినట్టే ముడికీ ఇవ్వాలి. ఒకరోజు ఊళ్ళోని పడవవాణ్ణో గీత కార్మికుణ్ణో తరగతికి పిలిచి, వాళ్ళు కట్టి చూపిస్తే పిల్లలు లెక్క కట్టి చూపాలి. ఎవరికి ఎవరు గురువో అప్పుడు తేలుతుంది.

ఇక మీరు చేయవలసిన పని. ఈసారి పడవ ఎక్కినప్పుడు కమ్మీ వైపు ఒకసారి చూడండి. టైర్లు ఉన్నాయా? ఏ ముడి వేశారు? ఎత్తు సరిపోయిందా? పడవవాణ్ణి అడగండి, సంతోషంగా చెబుతాడు. రేవు దగ్గరపడగానే మాత్రం చేతులు, కాళ్ళు లోపల ఉంచుకోండి. పక్కన కూర్చున్న తమ్ముడి చేయి కూడా లోపలికి లాగండి. ఎందుకని వాడు అడిగితే 250 జౌళ్ళ లెక్క వేసి చూపించండి.